పునరావృత భారాల కింద ఇసుక నేలల ప్రవర్తన

ఇసుక నేలపై ఒకే బలం మళ్ళీ మళ్ళీ పనిచేసినపుడు ఆ నేల ఆకారంలోనూ, ఘనపరిమాణంలోనూ కలిగే మార్పులను పునరావృత భారాల కింద ఇసుక నేలల ప్రవర్తన అంటారు. ఇది మృత్తికా యాంత్రిక శాస్త్రంలో ఒక ముఖ్యమైన విభాగం. భూకంప తరంగాలు, సముద్రపు అలలు, రైలు చక్రాలు, యంత్రాల అదురు, గాలిమరల ఊగులాట మొదలైనవన్నీ పునరావృత భారాలే. కదలని బరువు కింద ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా నిలిచిన ఇసుక నేల, అంతకన్నా చిన్న బలం పదిహేను ఇరవై సార్లు అటూ ఇటూ ఊపినపుడు కుంగిపోవచ్చు. అది నీటితో నిండి ఉంటే కొద్ది సెకన్లపాటు ద్రవంలాగా మారిపోవచ్చు కూడా. ఈ రెండవ స్థితిని ద్రవీకరణ లేదా లిక్విఫాక్షన్ అంటారు. 1964లో జపానులోని నీగాతా నగరంలో అపార్టుమెంటు భవనాలు గోడలు విరగకుండానే పక్కకు ఒరిగిపోవడానికి కారణం ఇదే.

== ఇసుక అమరిక ==

ఇసుక రేణువుల మధ్య బంకమట్టిలో ఉండే అంటుకునే గుణం ఉండదు. రేణువులు ఒకదానికొకటి ఆనుకొని, ఆ ఆనుడు బిందువుల వద్ద కలిగే ఘర్షణతోనే నిలబడతాయి. కాబట్టి ఇసుక బలం రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది. మొదటిది, రేణువులు ఎంత దగ్గరగా సర్దుకొని ఉన్నాయన్నది. రెండవది, వాటిని ఒకదానికొకటి అదిమి ఉంచే ఒత్తిడి ఎంత అన్నది.

రేణువుల మధ్య ఉండే ఖాళీల ఘనపరిమాణాన్ని రేణువుల ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఖాళీల నిష్పత్తి అంటారు. ఒకే పరిమాణం గల గోళాలను ఒకదానిపై ఒకటి నిలువు వరుసలుగా పేరిస్తే ఈ నిష్పత్తి 0.91 ఉంటుంది. అవే గోళాలను, బండిపై నారింజ పళ్ళను పేర్చినట్లు, కింది వరుస సందుల్లో పై వరుస కూర్చునేలా పేరిస్తే అది 0.35కు తగ్గుతుంది. సహజమైన ఇసుక ఎక్కువగా ఈ రెండింటి నడుమ ఉంటుంది, కాని అతి వదులుగా ఉన్నపుడు పై హద్దును దాటవచ్చు. జపాను పరిశోధకులు ప్రయోగాలలో విరివిగా వాడే తొయౌరా ఇసుకను అతి వదులుగా పోసినపుడు ఖాళీల నిష్పత్తి సుమారు 0.98, అతి గట్టిగా కూర్చినపుడు సుమారు 0.60.

ఒక ఇసుక ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడ ఉన్నదో తెలిపే శాతాన్ని సాపేక్ష సాంద్రత అంటారు. అతి వదులుగా ఉన్నపుడు అది సున్నా, అతి దట్టంగా ఉన్నపుడు 100. ఖాళీల నిష్పత్తి ఒకటే అయినా రెండు వేర్వేరు ఇసుకలు వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. అందువలన ఇంజనీర్లు పోలికకు సాపేక్ష సాంద్రతనే ఎక్కువగా వాడతారు.

== ఒత్తిడి, కోత ==

నేలపై పనిచేసే బలాలు ప్రధానంగా రెండు రకాలు. అన్ని వైపుల నుండి అదిమే బలం ఒత్తిడి. పై పొరను ఒక పక్కకు, కింది పొరను ఎదురు పక్కకు జరిపే బలం కోత బలం. పేకముక్కల కట్టను బల్లపై ఉంచి పై ముక్కను పక్కకు తోస్తే కట్ట వాలుతుంది. ఆ వాలును కోత వికృతి అంటారు.

ఇసుక ఘనపరిమాణాన్ని మార్చడంలో ఒత్తిడి కంటే కోతదే ప్రధాన పాత్ర. ధాన్యం కొలిచేవారికి ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. కుంచంలో పోసిన ధాన్యాన్ని పైనుంచి అరచేతితో ఎంత నొక్కినా పెద్దగా దిగదు. కుంచాన్ని నాలుగుసార్లు కుదిపితే మాత్రం ధాన్యం దిగి, పైన మరికొంత పోయడానికి చోటు ఏర్పడుతుంది. నొక్కినపుడు గింజల మధ్య ఆనుడు బిగుస్తుందే తప్ప అమరిక మారదు. కుదిపినపుడు గింజలు ఒకదానిపై ఒకటి జారి, పక్కనున్న ఖాళీల్లోకి దిగుతాయి.

== వ్యాకోచం, సంకోచం ==

కోతకు లోనైన ఇసుక ఎల్లప్పుడూ కుదించుకుపోదు. దట్టమైన ఇసుకలో ఒక రేణువు కదలాలంటే పక్క రేణువు పైకి ఎక్కి దాటవలసి వస్తుంది. అందువలన మొత్తం ఘనపరిమాణం పెరుగుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్‌బర్న్ రెనాల్డ్స్ 1885లో ఈ గుణాన్ని వివరించాడు. సముద్రపు ఒడ్డున తడి ఇసుకపై అడుగు వేస్తే పాదం చుట్టూ ఇసుక క్షణకాలం పొడిబారినట్లు కనిపించడానికి కారణం ఇదేనని ఆయన చూపాడు. పాదం ఒత్తిడికి రేణువులు ఎడమై ఖాళీలు పెరుగుతాయి. పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి ఇంకిపోతుంది.

వదులు ఇసుకలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. రేణువులు ఖాళీల్లోకి జారి ఘనపరిమాణం తగ్గుతుంది. వదులు ఇసుక కుదించుకుపోతూ, దట్టమైన ఇసుక వ్యాకోచిస్తూ, పెద్ద వికృతి వద్ద రెండూ ఒకే ఖాళీల నిష్పత్తికి చేరతాయని ఆర్థర్ కాసగ్రాండే 1936లో ప్రతిపాదించాడు. దీనిని సందిగ్ధ ఖాళీల నిష్పత్తి అంటారు. ఇది స్థిరమైన సంఖ్య కాదు. అదిమే ఒత్తిడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి ఉపరితలం దగ్గర వ్యాకోచించే ఇసుక, అదే సాంద్రతతో చాలా లోతున సంకోచించవచ్చు.

== పొడి ఇసుకపై చక్రీయ భారం ==

కోత బలం ఒకే దిశలో కాక అటూ ఇటూ మారుతూ పనిచేసినపుడు పరిస్థితి మారుతుంది. ఒక దిశలో తోసినపుడు కొన్ని రేణువులు పొరుగు రేణువుల పైకి ఎక్కుతాయి. బలం దిశ మారగానే అవి వెనక్కు జారుతాయి. అయితే బయలుదేరిన చోటికే కచ్చితంగా చేరవు. దారిలో దొరికిన ఖాళీలోకి దిగుతాయి. ఒకే దిశలో పెద్దగా తోసినపుడు వ్యాకోచించే దట్టమైన ఇసుక కూడా, చిన్న చిన్న ఊపుల కింద ప్రతి చక్రంలోనూ కొంత కొంత సంకోచిస్తూ పోవడానికి కారణం ఇదే.

ఈ సంకోచానికి ప్రయోగాలలో తేలిన లక్షణాలు కొన్ని ఉన్నాయి.

* మొదటి చక్రాలలోనే ఎక్కువ సంకోచం జరుగుతుంది. ఇసుక సర్దుకొనేకొద్దీ ప్రతి తరువాతి చక్రం ఇచ్చే సంకోచం తగ్గుతూ పోతుంది. చక్రాల సంఖ్య పదింతలు పెరిగినా కుంగుబాటు పదింతలు పెరగదు.
* సంకోచాన్ని ప్రధానంగా నిర్ణయించేది కోత వికృతి పరిమాణం, చక్రాల సంఖ్య, సాపేక్ష సాంద్రత. పొడి ఇసుకపై పైబరువు ప్రభావం చాలా స్వల్పమని సిల్వర్, సీడ్ 1971లో ప్రకటించిన ప్రయోగాలు చూపాయి.
* కోత వికృతి సుమారు 0.01 శాతం కంటే తక్కువైతే రేణువులు జారవు. ఆనుడు బిందువుల వద్ద సాగి మళ్ళీ యథాస్థితికి వస్తాయి. అటువంటి ఊపులు ఎన్ని వచ్చినా శాశ్వతమైన కుంగుబాటు దాదాపు ఉండదు. ఈ హద్దును ఆరంభ వికృతి అంటారు.
* నేల ఒక దిశలోనే కాక రెండు అడ్డదిశల్లో ఊగినపుడు కుంగుబాటు దాదాపు రెట్టింపు అవుతుంది. నిజమైన భూకంపంలో నేల అన్ని దిశల్లోనూ ఊగుతుంది కనుక లెక్కలలో ఈ సంగతిని పరిగణించాలి.

== నీటితో నిండిన ఇసుక ==

=== ప్రభావక ప్రతిబలం ===

భూగర్భజల మట్టానికి దిగువన ఇసుకలోని ఖాళీలన్నీ నీటితో నిండి ఉంటాయి. అక్కడ పైనున్న నేల బరువును రేణువులు కొంత, నీరు కొంత మోస్తాయి. మొత్తం ప్రతిబలం నుండి ఖాళీలలోని నీటి పీడనాన్ని తీసివేస్తే మిగిలేది రేణువులు పంచుకొన్న భాగం. దీనిని ప్రభావక ప్రతిబలం అంటారు. నేల బలం ఈ ప్రభావక ప్రతిబలంపైనే ఆధారపడుతుందన్న సూత్రాన్ని 1920వ దశకంలో కార్ల్ టెర్జాగీ ప్రతిష్ఠించాడు. ఆధునిక మృత్తికా యాంత్రిక శాస్త్రానికి ఇదే పునాది.

ఒక ఉదాహరణ తీసుకొనవచ్చు. నీటి మట్టం నేల ఉపరితలం వద్దనే ఉన్నదనుకుంటే, ఘనమీటరుకు 19 కిలోన్యూటన్ల బరువు గల సంతృప్త ఇసుకలో 5 మీటర్ల లోతున మొత్తం ప్రతిబలం 95 కిలోపాస్కల్లు. నీటి పీడనం సుమారు 49 కిలోపాస్కల్లు. రేణువులు మోసేది మిగిలిన 46 కిలోపాస్కల్లు మాత్రమే. ఏ కారణం చేతనైనా నీటి పీడనం మరో 46 పెరిగి 95కు చేరితే రేణువుల మధ్య ఒత్తిడి సున్నా అవుతుంది. ఒత్తిడి లేనిచోట ఘర్షణ ఉండదు. ఘర్షణ లేని ఇసుకకు బలం ఉండదు.

=== పీడనం పెరిగే విధం ===

పొడి ఇసుక ఊపులకు సంకోచిస్తుందని పైన చెప్పుకొన్నాము. నీటితో నిండిన ఇసుక సంకోచించాలంటే ఖాళీలలోని నీరు బయటకు పోవాలి. సన్నని ఇసుక గుండా నీరు పారడానికి నిముషాలు పట్టవచ్చు. భూకంపం ఊపులు సెకన్లలో ముగుస్తాయి. కాబట్టి ఊగుతున్నంతసేపూ నీరు ఉన్నచోటనే చిక్కుకొని ఉంటుంది. నీరు దాదాపు కుదించడానికి వీలులేని పదార్థం కనుక మొత్తం ఘనపరిమాణం మారదు. రేణువులు దగ్గరకు జరగబోయినపుడల్లా అవి మోస్తున్న బరువులో కొంత నీటికి బదిలీ అవుతుంది. నీటి పీడనం ఆ మేరకు పెరుగుతుంది.

మార్టిన్, ఫిన్, సీడ్ 1975లో ఈ బదిలీకి సరళమైన లెక్క చూపారు. ఇసుక పొడిగా ఉంటే ఒక చక్రంలో ఎంత సంకోచించేదో, ఆ సంకోచాన్ని ఇసుక తిరిగి ఉబ్బే స్వభావానికి సంబంధించిన గుణకంతో గుణిస్తే పీడనంలో పెరుగుదల వస్తుంది. ఉదాహరణకు ఆ సంకోచం 0.01 శాతం, గుణకం 50,000 కిలోపాస్కల్లు అయితే ఒక్కో చక్రానికి 5 కిలోపాస్కల్ల పీడనం పెరుగుతుంది. పై ఉదాహరణలోని 46 కిలోపాస్కల్లు ఆ లెక్కన తొమ్మిది, పది చక్రాలలో హరించుకుపోతాయి. వాస్తవంలో పీడనం పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది, వికృతి పెరుగుతుంది. కనుక పెరుగుదల ఒకే వేగంతో సాగదు. కంటికి కనిపించని సంకోచం ఎంత పెద్ద ఫలితానికి దారితీస్తుందో ఈ లెక్క వలన తెలుస్తుంది.

=== వదులు ఇసుక, దట్టమైన ఇసుక ===

పీడనం ఈ విధంగా పెరిగిన తరువాత ఏమి జరుగుతుందన్నది సాంద్రతను బట్టి ఉంటుంది.

చాలా వదులు ఇసుకలో ప్రభావక ప్రతిబలం పడిపోగానే, మిగిలిన బలం నేల తన సొంత బరువును మోయడానికి కూడా చాలదు. ఊపు ఆగినా నేల కదలడం ఆగదు. వాలు నేలలు, ఆనకట్టల కట్టలు ప్రవహించినట్లు జారిపోతాయి. దీనిని ప్రవాహ ద్రవీకరణ అంటారు. దీనికి భూకంపమే అవసరం లేదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో నీటితో ఇసుకను కొట్టించి నిర్మిస్తున్న ఫోర్ట్ పెక్ ఆనకట్ట 1938 సెప్టెంబరు 22న భూకంపం లేకుండానే జారిపోయి 8 మంది పనివారు మరణించారు.

దట్టమైన ఇసుకలోనూ కొన్ని చక్రాల తరువాత నీటి పీడనం క్షణకాలం పూర్తి స్థాయికి చేరవచ్చు. కాని ఆ క్షణంలో నేల కొంత ఎక్కువగా జారగానే రేణువులు ఒకదానిపై ఒకటి ఎక్కడం మొదలై వ్యాకోచం వైపు మొగ్గుతాయి. నీటి పీడనం తగ్గి, ఇసుక మళ్ళీ బలం పుంజుకుంటుంది. దిశ మారినపుడు మరల బలం కోల్పోతుంది. ఈ స్థితిని చక్రీయ చలనశీలత అంటారు. ఇందులో వికృతి చక్రానికి కొంత చొప్పున పోగవుతుందే కాని నేల ఒక్కసారిగా ప్రవహించదు. ఇసుక సంకోచించే తత్వం నుండి వ్యాకోచించే తత్వానికి మారే ఈ హద్దును 1975లో ఇషిహారా, తత్సువోకా, యసుదా దశాపరివర్తన రేఖగా గుర్తించారు.

== ప్రకంపనల తరువాత కుంగుబాటు ==

ఊపులు ఆగిన తరువాత అధిక పీడనంలో ఉన్న నీరు పైకి దారి వెతుక్కుంటుంది. పైనున్న పొరలను చీల్చుకొని ఇసుకతో సహా బుగ్గలుగా పైకి చిమ్ముతుంది. ఆ చోట ఇసుక చిన్న చిన్న అగ్నిపర్వతాల ఆకారంలో కుప్పలుగా మిగులుతుంది. భూకంపం ముగిసిన తరువాత కూడా చాలాసేపు నీరు ఉబుకుతూ ఉండడం సాధారణం.

నీరు బయటకు పోగా రేణువులు మరింత దగ్గరగా సర్దుకొంటాయి. ఈ దశలో వదులు ఇసుక పొర మందంలో 3 నుండి 5 శాతం వరకు తగ్గవచ్చు. దట్టమైన ఇసుకలో ఇది 1 శాతానికి అటూ ఇటుగా ఉంటుంది. 6 మీటర్ల మందం గల వదులు పొర 3 శాతం తగ్గితే నేల 18 సెంటీమీటర్లు కుంగుతుంది. నేల అంతటా ఒకే తీరుగా కుంగితే భవనాలకు పెద్ద నష్టం ఉండదు. పొర మందం చోటుచోటుకూ మారుతుంది కనుక ఒక మూల ఎక్కువ, మరో మూల తక్కువ కుంగి గోడలు పగులుతాయి, మురుగు గొట్టాలు విరుగుతాయి.

ఒకసారి సర్దుకొన్న ఇసుక మళ్ళీ ద్రవీకరణకు లోనుకాదని భావించడం సరికాదు. న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో 2010 సెప్టెంబరు నుండి 2011 డిసెంబరు వరకు వచ్చిన వరుస భూకంపాలలో అవే పేటలు పదే పదే ద్రవీకరణకు గురయ్యాయి. పైకి ఉబికిన నీరు అడుగు భాగాన్ని గట్టిపరచినా పై భాగాన్ని వదులుగానే వదలివేయడం దీనికి ఒక కారణం. ఆ నగరంలో సుమారు 8,000 నివాస స్థలాలను ప్రభుత్వం నివాసానికి పనికిరానివిగా నిర్ణయించి ఖాళీ చేయించింది.

== ప్రభావితం చేసే అంశాలు ==

* సాంద్రత: అన్నింటికన్నా ముఖ్యమైనది. సాపేక్ష సాంద్రత పెరిగేకొద్దీ అదే ఫలితానికి ఎక్కువ చక్రాలు, ఎక్కువ బలం కావాలి.
* రేణువుల పరిమాణం: నీటిని త్వరగా వదలలేని సన్నని, ఒకే పరిమాణం గల శుభ్రమైన ఇసుక, ఒండ్రు కలిసిన ఇసుక ఎక్కువ ప్రమాదకరమైనవి. ముతక గులకరాళ్ళలో పీడనం పెరిగేలోపే నీరు పారిపోతుంది. అయితే పైన నీరు పారని పొర కప్పి ఉంటే వాటికీ ప్రమాదం ఉంటుంది.
* బంకమట్టి శాతం: అంటుకునే గుణం గల బంకమట్టి తగినంత ఉంటే ఇసుకలాంటి ద్రవీకరణ జరగదు.
* నీటి మట్టం: నీరు లేని ఇసుక కుంగుతుందే కాని ద్రవంగా మారదు.
* నేల వయస్సు: వేల ఏళ్ళుగా కదలకుండా ఉన్న నిక్షేపాల్లో రేణువుల మధ్య స్వల్పంగా బంధాలు ఏర్పడి బలం పెరుగుతుంది. ఇటీవలి నదీ నిక్షేపాలు, మనిషి పూడ్చిన నేలలు బలహీనమైనవి.
* పూర్వచరిత్ర: చిన్న చిన్న ఊపులు అనుభవించిన ఇసుక, సాంద్రత పెద్దగా మారకపోయినా, తరువాతి ఊపులను బాగా తట్టుకుంటుంది. పెద్ద వికృతికి లోనైనది ఒక్కోసారి మునుపటికంటే బలహీనపడుతుంది.
* అమరిక: ఒకే సాంద్రత గల నమూనాలను పొడిగా పోసి ఒకటి, తడిపి దంచి ఒకటి తయారుచేస్తే వాటి బలం వేర్వేరుగా ఉంటుంది.

== పరీక్షలు, అంచనా ==

స్తూపాకారపు ఇసుక నమూనాను రబ్బరు తొడుగులో ఉంచి, చుట్టూ నీటి ఒత్తిడి కల్పించి, నిలువుగా నొక్కుతూ వదులుతూ చేసే త్ర్యక్ష పరీక్ష ప్రయోగశాలలో ఎక్కువగా వాడుకలో ఉంది. సీడ్, లీ 1966లో ఈ పద్ధతితో చేసిన ప్రయోగాలు ఈ రంగానికి దారి చూపాయి. సరళ కోత పరీక్ష, బోలు స్తూపాన్ని మెలితిప్పే పరీక్ష, కంపన బల్లపై నమూనాలు మొదలైనవి ఇతర పద్ధతులు. చిన్న నమూనాలో అసలు నేలలోని ఒత్తిడి ఉండదు కనుక దానిని పెద్ద అపకేంద్ర యంత్రంలో తిప్పుతారు. గురుత్వానికి 50 రెట్ల బలం కల్పిస్తే 20 సెంటీమీటర్ల ఇసుక పొర 10 మీటర్ల నేలకు సమానంగా ప్రవర్తిస్తుంది.

వదులు ఇసుకను అమరిక చెదరకుండా నేల నుండి పైకి తీయడం చాలా కష్టం. అందువలన నిర్మాణ స్థలంలోనే చేసే ప్రామాణిక చొచ్చుకుపోయే పరీక్షపై ఇంజనీర్లు ఆధారపడతారు. 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుండి వదులుతూ, ఒక గొట్టం నేలలోకి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు కావాలో లెక్కిస్తారు.

సీడ్, ఇడ్రిస్ 1971లో రూపొందించిన సరళ పద్ధతి, పలు సవరణలతో, నేటికీ విస్తృతంగా వాడబడుతోంది. అందులో భూకంపం కలిగించే కోత ప్రతిబలాన్ని ప్రభావక ప్రతిబలంతో భాగించి ఒక నిష్పత్తిని లెక్కిస్తారు. పై ఉదాహరణలోని స్థలంలో ఉపరితల త్వరణం గురుత్వ త్వరణంలో 0.2 వంతు అయితే, 5 మీటర్ల లోతున ఈ నిష్పత్తి సుమారు 0.26 వస్తుంది. సవరించిన దెబ్బల సంఖ్య 10 ఉన్న శుభ్రమైన ఇసుక, 7.5 పరిమాణం గల భూకంపంలో సుమారు 0.11 వరకే తట్టుకోగలదు. 20 ఉన్నది సుమారు 0.22 వరకు తట్టుకోగలదు. కనుక ఈ స్థలంలో రెండూ ద్రవీకరణకు లోనవుతాయి. దెబ్బల సంఖ్య 30 దాటిన ఇసుక సాధారణంగా సురక్షితమైనదిగా భావించబడుతుంది. 7.5 పరిమాణం గల భూకంపాన్ని సుమారు 15 సమాన చక్రాలుగా లెక్కిస్తారు.

== ముఖ్యమైన సంఘటనలు ==

నీగాతా, 1964: జూన్ 16న వచ్చిన 7.5 పరిమాణపు భూకంపంలో షినానో నది పాత పాయలను పూడ్చిన చోట్ల ఇసుక ద్రవీకరణకు గురైంది. కవాగిషిచో ప్రాంతంలోని కాంక్రీటు భవనాలు ఒరిగిపోయాయి. వాటిలో ఒకటి దాదాపు నేలపై పడుకుంది. భూమిలో పాతిన ఖాళీ తొట్లు పైకి తేలాయి. కొద్ది వారాల క్రితమే పూర్తయిన షోవా వంతెన దూలాలు నదిలో పడిపోయాయి. అదే ఏడాది మార్చి 27న అలాస్కాలో వచ్చిన 9.2 పరిమాణపు భూకంపంతోపాటు ఈ సంఘటన ఇసుకపై ఆధునిక పరిశోధనకు నాంది పలికింది.

శాన్ ఫెర్నాండో, 1971: ఫిబ్రవరి 9న కాలిఫోర్నియాలో వచ్చిన భూకంపంలో దిగువ శాన్ ఫెర్నాండో ఆనకట్ట జలాశయం వైపు కట్ట జారిపోయింది. నీటికీ, మిగిలిన కట్ట అంచుకూ మధ్య ఒకటిన్నర మీటర్ల ఎత్తు మాత్రమే మిగిలింది. దిగువన ఉన్న సుమారు 80,000 మందిని ఖాళీ చేయించారు. ఊపులు ఆగిన కొద్ది సెకన్ల తరువాత కట్ట జారిందని అనంతర పరిశోధనలో తేలింది.

కోబె, 1995: జనవరి 17న వచ్చిన భూకంపంలో సముద్రాన్ని పూడ్చి నిర్మించిన పోర్ట్ ఐలాండ్, రోక్కో ఐలాండ్ దీవులు ద్రవీకరణకు గురై, రేవు గోడలు సముద్రం వైపు జరిగాయి. ముందుగా గట్టిపరచిన స్థలాలలో కుంగుబాటు చాలా తక్కువగా ఉంది.

పాలు, 2018: సెప్టెంబరు 28న ఇండోనేషియాలోని సులవేసి దీవిలో 7.5 పరిమాణపు భూకంపం వచ్చినపుడు బలారోవా, పెటోబో, జోనో ఓగె ప్రాంతాలలో చాలా తక్కువ వాలు గల నేలలు ఇళ్ళతో, చెట్లతో సహా వందల మీటర్లు జారిపోయాయి. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో తవ్విన గుంబాసా సాగునీటి కాలువ వలన అక్కడ వరిపొలాల కింద నీటి మట్టం పెరగడం ఈ జారుడుకు ముఖ్య కారణమని 2019లో ప్రచురితమైన అధ్యయనాలు తెలిపాయి. సహజంగా పొడిగా ఉండవలసిన నేలను మనిషి తడిపితే ప్రమాదం ఎంత పెరుగుతుందో ఈ సంఘటన చూపింది.

== భారతదేశంలో ==

1897 జూన్ 12 నాటి అస్సాం భూకంపంలో ఇసుక, నీరు బుగ్గలుగా చిమ్మిన తీరును భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఓల్డ్‌హాం వర్ణించాడు. 1934 జనవరి 15న వచ్చిన బీహారు-నేపాల్ భూకంపంలో సీతామఢీ, మధుబనీ మీదుగా సుమారు 300 కిలోమీటర్ల పొడవున భవనాలు నేలలోకి కుంగి ఒరిగిపోయాయి. పొలాలను ఇసుక కప్పివేసింది. బావులు ఇసుకతో పూడిపోయాయి. ఈ ప్రాంతాన్ని నాటి నివేదికలు కుంగిన మేఖలగా పేర్కొన్నాయి.

2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో విస్తారమైన ప్రాంతం ద్రవీకరణకు గురైంది. కాండ్లా రేవులో గుంజ పునాదులపై నిలిచిన కార్యాలయ గోపురం ఒరిగింది. చాంగ్, శివలఖా, కస్వతి మొదలైన మట్టి ఆనకట్టల పునాదుల్లోని ఒండ్రు ఇసుక మెత్తబడి కట్టలు చీలిపోయాయి. వర్షాభావం వలన జలాశయాలలో నీరు తక్కువగా ఉన్నందున వరద ముప్పు తప్పింది.

గోదావరి, కృష్ణా డెల్టాలలో నేల అంతటా ఒకే రకంగా ఉండదు. నల్లని బంకమట్టి పొరల నడుమ పాత నదీపాయల ఇసుక మేటలు, తీరం వెంబడి ఇసుక దిబ్బలు ఉన్నాయి. కాలువల సాగు వలన చాలాచోట్ల నీటి మట్టం పైకే ఉంటుంది. 1967లో ఒంగోలు వద్ద, 1969లో భద్రాచలం వద్ద మధ్యస్థ భూకంపాలు వచ్చాయి. 2002లో సవరించిన భారతీయ ప్రమాణం 1893 విజయవాడను మూడవ భూకంప మండలంలో ఉంచింది. ఇదే ప్రమాణానికి 2016లో వచ్చిన సవరణ, ద్రవీకరణ అంచనాకు సరళ పద్ధతిని అనుబంధంగా చేర్చింది. ఇటువంటి నేలల్లో బహుళ అంతస్తుల భవనం, వంతెన లేదా కట్ట నిర్మించేముందు ఇసుక పొరల లోతు, దెబ్బల సంఖ్య, వానాకాలపు నీటి మట్టం తెలుసుకొనడం అవసరం.

== భూకంపాలు కాని భారాలు ==

సముద్రంలో నిలిపే గాలిమరల స్తంభాలు తమ జీవితకాలంలో కోటికి పైగా అలల, గాలి తాకిడులకు గురవుతాయి. ఒక్కో తాకిడి కలిగించే వికృతి అత్యల్పమే అయినా అవన్నీ ఒకే వైపుకు పోగై స్తంభం కొద్దికొద్దిగా ఒరగవచ్చు. రైలు పట్టాల కింది కంకర కూడా ఇదే విధంగా సర్దుకుంటుంది. అందువలననే కంకరను ఎప్పటికప్పుడు మళ్ళీ కూర్చి పట్టాలను మట్టానికి తేవలసి వస్తుంది. గుంజలు దిగగొట్టేటపుడు కలిగే అదురుకు పక్క భవనాల పునాదుల కింది ఇసుక కుంగడం మరో ఉదాహరణ. తుఫాను అలలు సముద్రగర్భంలోని ఇసుకలో నీటి పీడనాన్ని పెంచి అక్కడి గొట్టపు మార్గాలను పైకి తేల్చవచ్చు.

== నివారణ పద్ధతులు ==

నివారణ పద్ధతులన్నీ పైన వివరించిన సూత్రాలనే ఉపయోగించుకుంటాయి. ఇసుకను ముందుగానే సర్దుకొనేలా చేయడం, నీటికి దారి కల్పించడం, రేణువులను అతికించడం, లేదా భారాన్ని గట్టి పొరకు చేర్చడం వీటిలో ముఖ్యమైనవి.

* కంపన పద్ధతి: కంపించే పొడవాటి ఇనుప గొట్టాన్ని నేలలోకి దింపి ఇసుకను గట్టిపరుస్తారు. 1930వ దశకంలో జర్మనీలో ఇది ప్రారంభమైంది. నెదర్లాండ్స్‌లో 1986లో ప్రారంభించిన ఊస్టర్‌స్కెల్డ్ సముద్ర అడ్డుకట్ట కోసం ప్రత్యేక నౌకతో సముద్రగర్భాన్ని ఈ విధంగానే గట్టిపరచారు.
* బరువు జారవేయడం: టన్నుల బరువు గల దిమ్మెను క్రేనుతో ఎత్తి పదే పదే వదులుతారు. ఫ్రెంచి ఇంజనీరు లూయీ మెనార్ ఈ పద్ధతికి ప్రాచుర్యం కల్పించాడు.
* ఇసుక గుంజలు, రాతి స్తంభాలు: నేలలోకి అదనపు ఇసుకను లేదా కంకరను దట్టించి చుట్టూ ఉన్న నేలను బిగిస్తారు. కంకర స్తంభాలు నీరు త్వరగా పైకి పోవడానికి కూడా దారి ఇస్తాయి.
* అతికించడం: సిమెంటు లేదా రసాయన ద్రావణాలను ఎక్కిస్తారు. సూక్ష్మజీవుల సాయంతో రేణువుల మధ్య సున్నపు స్ఫటికాలు ఏర్పరిచే పద్ధతిపైనా పరిశోధనలు జరిగాయి.
* నీటి మట్టం తగ్గించడం: బావులు, కాలువల ద్వారా పై పొరలను పొడిగా ఉంచుతారు.
* లోతైన పునాదులు: గుంజలను ద్రవీకరణ చెందే పొర దాటి గట్టి నేలలోకి దింపుతారు. ఆ పొర పక్కకు జరిగితే గుంజలు వంగకుండా తగిన బలం కూడా ఇవ్వాలి.

ఇళ్ళు కట్టేటపుడు పునాది గోడల మధ్య ఇసుక పోసి నీళ్ళు పెట్టడం తెలుగునాట వాడుకలో ఉన్న పద్ధతి. నీరు కిందికి ఇంకుతూ వదులు ఇసుకను సర్దుతుంది. ఒకే విడతగా కాక పొరలు పొరలుగా పోసి, నీరు ఇంకిన తరువాత దిమ్మెసతో కుదిస్తేనే గచ్చు తరువాత కుంగకుండా ఉంటుంది.

== గణిత నమూనాలు ==

ప్రతి చక్రాన్నీ విడిగా లెక్కించే నమూనాలు భూకంపాలకు అనువైనవి. లక్షల చక్రాల సందర్భంలో అలా లెక్కిస్తే చిన్న లోపాలు పోగై ఫలితం చెడిపోతుంది. అటువంటి చోట్ల చక్రానికి సగటున ఎంత వికృతి చేరుతుందో సూటిగా లెక్కించే నమూనాలను వాడతారు. 2005లో నీమునిస్, విఖ్ట్‌మాన్, ట్రియాంటఫిలిడిస్ ప్రతిపాదించిన నమూనా ఈ కోవకు చెందినది. కుండాల్, స్ట్రాక్ 1979లో ప్రచురించిన విడి మూలకాల పద్ధతిలో ఒక్కొక్క రేణువు కదలికను కంప్యూటరు లెక్కిస్తుంది. సంకోచ వ్యాకోచాలకు మూలమైన రేణువుల జారుడును ఈ పద్ధతిలో నేరుగా గమనించవచ్చు.

== ఇవి కూడా చూడండి ==

* మృత్తికా యాంత్రిక శాస్త్రం
* భూకంపం
* భూగర్భ జలం
* డెల్టా
* పునాది
* భుజ్ భూకంపం, 2001